పొయ్యి ముందు పన్నెండు నిమిషాలు

పక్షవాతం నుంచి గంగమ్మ తేరుకున్న తీరు చూసి మదీనాగూడ అపార్ట్‌మెంట్‌లో అందరూ ఆశ్చర్యపోయారు. నలభై రోజుల్లో చేతికి పట్టు వచ్చింది, మూతి వంకర సర్దుకుంది. ఆస్పత్రిలో డాక్టరు తేదీ అడిగితే తిథి కూడా కలిపి చెప్పింది. గండం గడిచిందనుకున్నాడు కొడుకు మధుసూదన్.

కోడలు హరిత సెలవు ముగించుకుని మాదాపూర్‌లో తన సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు వెళ్ళసాగింది. హైటెక్ సిటీ కొత్త భవనం తెరిచి అప్పటికి ఏడాది కాలేదు. సాయంత్రం ఇంటికొస్తే, పొద్దున మూతపెట్టి వెళ్ళిన అన్నం అలాగే ఉండేది. పాల ప్యాకెట్టు గట్టుమీదే విరిగిపోయి ఉండేది. గంగమ్మ కుర్చీలో కూర్చునే ఉండేది. ఎందుకు తినలేదని అడిగితే, "తినల్లనే అనుకుంటి" అనేది, అంతే.

కడపలో తన ఇంట్లో ఉన్నన్నాళ్ళూ క్షణం ఊరికే కూర్చోని మనిషి ఆవిడ. అందుకే హరితకు అనుమానం వచ్చింది. తను ఉద్యోగం మానాలని అత్త మొండికేసిందని భర్తతో అన్నది. అతను ఎవరి పక్షమూ మాట్లాడలేక, తర్వాతిసారి డాక్టరుకు సంగతంతా చెప్పాడు. ఆ డాక్టరు, బాలనర్సయ్య అనే ఆయన్ను ఇంటికి పంపించాడు. రోగులకు రోజువారీ పనులు మళ్ళీ అలవాటు చేయించడం ఆయన పని.

శనివారం పొద్దున వచ్చిన బాలనర్సయ్య కడప వైపు చేసుకునే టిఫిను ఉగ్గాని ఎట్లా చేస్తారని గంగమ్మను అడిగాడు. బొరుగులు నానబెట్టడం దగ్గర్నుంచి పప్పుల పొడి చల్లడం దాకా ఆవిడ తడుముకోకుండా చెప్పింది. నిమ్మకాయ చివర్లోనే పిండాలని హెచ్చరించింది కూడా.

"అయితే చెయ్యుండ్రి పెద్దమ్మా. నేనీడనే కూసుంట" అన్నాడాయన. మధ్యలో ఒక్క మాట కూడా అనొద్దని హరితకు ముందే చెప్పాడు.

గంగమ్మ వంటగదిలోకి వెళ్ళి పొయ్యి ముందు నిలబడింది. అన్నీ ఎదురుగానే ఉన్నాయి. ఐదు నిమిషాలైంది. పది నిమిషాలైంది. హరితకు మొదట విసుగు పుట్టింది. తర్వాత చూస్తే, అత్త కొంగు అంచును వేళ్ళతో గట్టిగా పట్టుకుని ఉంది. పెదవులు కదులుతున్నాయి. చెయ్యి మాత్రం లేవడం లేదు.

పన్నెండో నిమిషంలో బాలనర్సయ్య మెల్లగా అడిగాడు. "మొదలు ఏం జేస్తరు పెద్దమ్మా?"

"బొరుగులు నానేయల్ల."

మాట నోటి నుంచి రాగానే చెయ్యి గిన్నె వైపు కదిలింది. బొరుగులు నానేసి, నీళ్ళు పిండేసి, మళ్ళీ ఆగిపోయింది. ఆయన మళ్ళీ అడిగాడు. ఉల్లిపాయలు తరిగి, పొయ్యి వెలిగించి నూనె పెట్టింది. నూనె పొగలు కక్కుతున్నా చూస్తూ నిలబడిపోతే, ఆయనే లేచి గ్యాసు ఆపి, కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

"యాదిల అన్నీ ఉన్నయి. చేతులు సుత మంచిగనే ఉన్నయి. షురూ చేసుడే అయితలేదు. ఇది బద్ధకం కాదు బిడ్డా" అన్నాడు హరితతో.

గంగమ్మ కోడలి వైపు తిరిగింది. "నేను మొండికేసినాననుకుంటివా?"

హరిత తలదించుకుంది. "అనుకున్నా అత్తా."

"నేనూ అట్లే అనుకుంటినిలే. ఒళ్ళు బరువెక్కింది, పనిదొంగనైపోతి అని నన్ను నేనే తిట్టుకుంటాంటి."

హరిత వెళ్ళి ఆవిడ పక్కన నిలబడింది. మిగతా వంట ఇద్దరూ కలిసి చేశారు.

బాలనర్సయ్య చెప్పినట్టే, సోమవారం నుంచి హరిత పన్నెండున్నరకు ఆఫీసు నుంచి ఇంటికి ఫోను చేసేది. గిన్నె మూత తీయమని చెప్పి, తీసిన చప్పుడు వినిపించేదాకా ఫోను పెట్టేది కాదు. ఒంటరిగా ఉన్నప్పుడు పొయ్యి వెలిగించవద్దన్నారు. గంగమ్మ చిన్నబుచ్చుకుంది గానీ ఎదురు చెప్పలేదు. నాలుగు నెలలకు తనంతట తానే స్నానానికి లేవడం వచ్చింది. వంట దగ్గర మాత్రం ఎవరో ఒకరు మొదటి మాట అడగాల్సి వచ్చేది. ఆదివారాలు మధుసూదన్ అడిగేవాడు. అమ్మ చెప్పేది, చెప్తూ చేసేది.