నల్లదారంతో కుట్టిన గుండీ

మావాడికి డెబ్బైల నాటి ఆర్టు సినిమాలంటే పిచ్చి. వాటిలో ఫైటింగులుండవు, పాటలుండవు. ఒకడు తీరిగ్గా గడ్డం గీసుకుంటూ ఉంటాడు, మనం గుడ్లప్పగించి చూస్తూ ఉండాలి. "ఇంతకీ కథ ఎప్పుడు మొదలవుతుందిరా?" అనేదాన్ని. "కథ కాదమ్మా, మనిషిని చూడు," అనేవాడు. జాకెట్టు కుట్టుకున్నా ఓ పనవుతుందని లేచి మిషను దగ్గరికి పోయేదాన్ని.

వాడు పోయి రెండు నెలలైంది. నాకు ఏడుపు రాలేదు. గుండె రాయి చేసుకుందన్నారు చూడవచ్చినవాళ్లు. రాయీ లేదు, రప్పా లేదు. పంటికి మత్తుసూది ఇచ్చాక చెంప ఎలా ఉంటుందో అలా ఉన్నాను. మిషను తొక్కుతున్నాను, ఇంత తింటున్నాను, పడుకుంటున్నాను.

కోడలు తెల్లారితే వాళ్ల అన్నయ్య దగ్గరికి వెళ్లిపోతోంది. పెట్టె సర్ది హాల్లో పెట్టింది. ఉండిపొమ్మని అడగాలని ఉంది నాకు. వాడుండగా ఆ పిల్లని ఏదో ఒకటి అనకుండా పూట గడిపినదాన్ని కాదు. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని అడగను?

మధ్యాహ్నం అన్నాలయ్యాక కోడలు వాడి సినిమా ఒకటి పెట్టింది.

"మీరూ చూస్తారా అత్తయ్యా?"

"చేసే పనేముంది, కానీ."

వాడి కుర్చీలో ఇద్దరిలో ఎవరమూ కూర్చోలేదు.

సినిమాలో ఓ బస్సు డ్రైవరు. ఇంటికొస్తాడు, బూట్లు విప్పుతాడు, చేతులు కడుక్కుంటాడు. పక్కింటావిడ అడిగితే, "మా ఆవిడ పుట్టింటికెళ్లింది, వచ్చేవారం వచ్చేస్తుంది" అంటాడు. నాకు ఒకటే ఆవులింతలు. ఇంతలో చొక్కా చేతులు మడుచుకుంటున్నాడు. తెల్ల చొక్కా, మణికట్టు దగ్గర గుండీ మాత్రం నల్లదారంతో కుట్టి ఉంది. సూది పట్టడం రానివాడు ఎలాగో చుట్టి చుట్టి ముడేసిన కుట్టు. పెళ్లాం ఇక రాదు. ఆ సంగతి డ్రైవరుకీ తెలుసు.

"ఒరేయ్, ఆ గుండీ చూశావట్రా!" అంటూ కుర్చీ వైపు తిరిగాను.

కుర్చీ ఖాళీగా ఉంది.

కోడలు సినిమా ఆపింది. "ఏ గుండీ అత్తయ్యా?" అంది. చెప్పాను. వెనక్కి తిప్పి చూసింది.

"ఆయన ఈ సినిమా ఎన్నిసార్లు చూశారో! ఇది మాత్రం ఎప్పుడూ చెప్పలేదు."

"వాడికెలా తెలుస్తుందే? ఊడిన గుండీ ఊడినట్టు నేనే కుట్టిపెట్టేదాన్ని."

అప్పుడు కూడా ఏడుపు రాలేదు.

సినిమా అయిపోయింది, ఆవిడ రాలేదు. కోడలు లేచి పెట్టె వైపు చూసింది. ఉండిపొమ్మనబోయాను.

"ఇంకోటి ఉందా?" అన్నాను.

"బోలెడున్నాయి. కానీ ఇంతకన్నా నత్తనడక అత్తయ్యా. ఇవాళ్టితో అయ్యేవి కావు."

"కాకపోతే మానె. నాకేం తొందర?"

కోడలు ఫోను తీసుకుని లోపలికెళ్లింది.

"రేపు కాదన్నయ్యా, వచ్చేవారం వచ్చేస్తాలే," అనడం వినిపించింది.

బస్సు డ్రైవరు కూడా అదే మాటన్నాడు.