కొక్కెం మీద బరువు

తన పాత క్యాంపర్ వ్యాన్‌ని ఎవరైనా ఒక్క మాటంటే డెస్మండ్ ఏక్రాయిడ్‌కి ఎక్కడలేని పౌరుషం వచ్చేది. ముప్ఫై ఎనిమిదేళ్ళ బండి అది. లోపల పడుకోవడానికి మంచం, టీ కాచుకోవడానికి పొయ్యి, తలుపు సందుల్లోంచి వాన, అన్నీ ఉన్నాయి. వెనక స్ప్రింగులు మాత్రం ఎప్పుడో చచ్చాయి. మార్పించమని మెకానిక్ మూడేళ్ళుగా మొత్తుకుంటున్నా మహానుభావుడు చెవిన పెట్టలేదు.

ఆ శనివారం వ్యాన్ వెనక ట్రైలర్, దాని మీద పక్కింటి హిల్డా గార్సైడ్ చేసిన పడవ ఉన్నాయి. హిల్డా బడిలో వడ్రంగం నేర్పి రిటైరైంది. డెబ్బై మూడేళ్ళు. నాలుగు చలికాలాలు షెడ్డులో కూర్చుని, ఒక్కో పలకనీ ఆవిరిలో వంచి, రాగి మేకులు కొట్టి చేసింది ఆ పడవని. కళ్ళు మసకబారి కారు నడపడం మానేసింది గనక, విండర్మియర్ సరస్సు దాకా లాక్కెళ్ళే పని డెస్మండ్ తనంతట తానే నెత్తికెత్తుకున్నాడు.

బయల్దేరే ముందు ఆమె స్నానాలగదిలోంచి బరువు చూసుకునే మిషన్ తెచ్చి ట్రైలర్‌ని వ్యాన్‌కి తగిలించే కొక్కెం కింద పెట్టింది. వంగి, భూతద్దంతో అంకె చూసింది.

"యాభై కిలోలు. ఇంతే ఉండాలి," అంది. "లంగరూ గొలుసూ మోటారూ అన్నీ ముందుకే కట్టాను. కొక్కెం మీద బరువు తగ్గితే ట్రైలర్ తోక ఆడిస్తుంది. తెలుసుగా?"

"ముప్ఫై ఏళ్ళుగా లాగుతున్నోణ్ణి, నాకు చెప్తున్నావా?" అన్నాడు డెస్మండ్.

దారిలో ఒక హోటల్ దగ్గర టీకి ఆగారు. హిల్డా లోపలికి వెళ్ళింది. పక్కన ఇద్దరు మగవాళ్ళు తళతళలాడే కొత్త కారుకి తళతళలాడే కొత్త పడవ తగిలించుకుని, చేతిలో కాఫీ కప్పులతో నిలబడి ఉన్నారు.

"ఏం గురూ, మీ బండి దొడ్డికి కూర్చున్నట్టుందే," అన్నాడు ఒకడు.

"పోనీలేరా, హెడ్‌లైట్లు వేస్తే ఆకాశంలోకే కొడతాయి, చుక్కలు లెక్కపెట్టుకోవచ్చు," అన్నాడు రెండోవాడు.

డెస్మండ్ కూడా నవ్వాడు. కానీ ముఖం మాడిపోయింది. వాళ్ళు చూస్తుండగానే పడవ మీద కప్పిన టార్పాలిన్ విప్పి, లంగరు, గొలుసు, మోటారు, నీళ్ళ డబ్బాలు ఒక్కొక్కటే మోసుకెళ్ళి వెనక్కి కట్టాడు. వ్యాన్ వెనకభాగం నాలుగు వేళ్ళ మందం పైకి లేచింది. "ఇప్పుడు బండిలా ఉంది," అన్నాడు మొదటివాడు. అరవై రెండేళ్ళ మనిషికి ఆ మాట చాలింది. హిల్డా వచ్చేసరికి టార్పాలిన్ మళ్ళీ బిగించేసి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు.

కెండల్ ఊరు దాటాక దిగుడు రోడ్డు. ఒక లారీ వాళ్ళని దాటి వెళ్ళింది. ఆ గాలికి ట్రైలర్ ఇటు ఊగింది, అటు ఊగింది, ఇంకా పెద్దగా ఊగింది. డెస్మండ్ బ్రేకు తొక్కాడు. తొక్కకూడదని తెలిసీ తొక్కాడు. ట్రైలర్ వెళ్ళి రాతిగోడకి గుద్దుకుంది. మనుషులకేం కాలేదు. పడవ పక్కన మూడు పలకలు చీలిపోయాయి. టార్పాలిన్ చిరిగి సామానంతా రోడ్డు మీద చెల్లాచెదురుగా పడింది.

హిల్డా దిగి, చీలిన పలకల అంచుల్ని వేళ్ళతో తడిమింది.

"తప్పు నాదే డెస్మండ్," అంది. "ఇరవయ్యో ముప్ఫయ్యో ఉంటే యాభై అని చదివుంటాను. నా కళ్ళు నన్ను మోసం చేశాయి."

ఇప్పుడే చెప్పాలి అనుకున్నాడు డెస్మండ్.

"అయ్యుండొచ్చు," అన్నాడు.

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని నమ్మలేకపోయాడు. మిగిలిన దారంతా ఆమె వైపు చూడలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది.

సరస్సు ఒడ్డున పడవలు బాగుచేసే హ్యారప్ అనే అతను పడవని తన షెడ్డులో పెట్టించి, ముగ్గురికీ టీ పోశాడు.

"బరువు ఎవరు తూచారు?" అని అడిగాడు.

"నేనేనయ్యా," అంది హిల్డా. "ముసలిదాన్ని, అంకె కూడా సరిగ్గా కనపడలేదు." ఆ తర్వాత డెస్మండ్ వైపు తిరిగి మామూలుగానే చెప్పింది. "సోమవారం నా పనిముట్లు బడికి ఇచ్చేసి రావాలి, సాయం చేస్తావా? అంకె చదవలేనిదాన్ని, ఉలి పట్టుకుంటే వేళ్ళు పోగొట్టుకుంటాను. ఇక చాలు."

డెస్మండ్ టీ కప్పు కింద పెట్టాడు.

"నువ్వు సరిగ్గానే తూచావు," అన్నాడు. "నువ్వు టీకి వెళ్ళినప్పుడు నేనే మార్చాను. బరువంతా వెనక్కి కట్టాను. వ్యాన్ కుంగిందని ఎవరో నవ్వారు. అందుకని."

హ్యారప్ తల తిప్పేసుకున్నాడు. ఆమె తిడుతుందని డెస్మండ్ కాచుకున్నాడు. తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు.

"యాభయ్యేనన్నమాట," అంది హిల్డా.

"యాభయ్యే."

ఆమె ముఖం విచ్చుకుంది. తనలో తను చిన్నగా నవ్వుకుంది. ఆ సంతోషం చూసి డెస్మండ్‌కి తల కొట్టేసినట్టయింది. రెండు గంటలపాటు ఆ మనిషి దగ్గర్నుంచి తను ఏం లాగేసుకున్నాడో అప్పుడు పూర్తిగా తెలిసింది.

హిల్డా లేచి పెన్సిలు అడిగి తీసుకుని పడవ దగ్గరికి వెళ్ళింది. ఏ పలక ఎంతవరకు కోయాలో గీత గీయడం మొదలుపెట్టింది. కొలిచే టేపు రెండో కొస పట్టుకునేవాళ్ళు లేక జారిపోతోంది. డెస్మండ్ గబగబా వెళ్ళి చెయ్యి చాపాడు.

"వద్దులే," అంది ఆమె, కోపం లేకుండానే. "నువ్వు బయల్దేరు, పొద్దుపోతుంది. నేను రేపు బస్సులో వస్తాను."

ఆ తర్వాత హ్యారప్‌ని పిలిచి, టేపు కొస అతని చేతికిచ్చింది.