మాటలు రద్దయ్యే పొద్దు

చేప తలకాయకి పొలుసు గీకుతుంటే మా అత్తగారు సోలికా వెనక నుంచి, "జాగ్రత్త అమ్మాయ్, చితికిపోనీకు. ఏడాదంతా తోకలా కాకుండా తలలా ఉండాలనే కదా దాన్ని బల్ల మీద పెట్టేది" అంది. ఎవరు తలలా ఉండాలో నేను అడగలేదు. సాయంత్రానికల్లా మా యూదుల కొత్త సంవత్సరం వచ్చేస్తుంది. మరుదులు, తోడికోడళ్ళు, వాళ్ళ పిల్లలు, రెండు రోజుల భోజనాలు. నిన్నటి నుంచి నడుం వంగే ఉంది.

ప్రార్థనామందిరంలో పొట్టేలు కొమ్ము ఊదే వేళకి నేనెప్పుడూ ఇక్కడే పళ్ళాలు సర్దుతూ ఉంటాను. "ఆడవాళ్ళకి అది తప్పనిసరి కాదుగా, దేవుడే మినహాయింపు ఇచ్చాడు" అంటాడు నా భర్త ఆషెర్. నాకు దొరికిన మినహాయింపు అదొక్కటే.

పండగ ముందు పొద్దున మగవాళ్ళు ఆ మందిరంలోనే చేరతారు. ముగ్గురు న్యాయాధిపతుల్లా కూర్చుంటే మిగతావాళ్ళు ఎదురుగా నిలబడి, దేవుడి ఎదుట చేస్తామని చెప్పి నిలుపుకోలేకపోయిన మాటలన్నీ రద్దు చేయించుకుంటారు. భార్య మాటలు కూడా భర్తే చెప్పి తీసేయించవచ్చు. ఆషెర్ ఏటా గుమ్మంలో నిలబడి, "నీవి కూడా కలిపేయనా?" అంటాడు. పిండి చేతులతో తలూపుతాను. కారు నడపడం నేర్చుకుంటానన్న మాట అలాగే పోయింది. రోజూ సముద్రం ఒడ్డున కాసేపు నడుస్తానన్నదీ పోయింది. ఏమేం పోయాయో తనకి తెలియదు, అడిగితే కదా.

మొన్న చలికాలం అమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఒళ్ళు తుడిచి, పక్క మీద అటూ ఇటూ తిప్పింది నేనే. "అమ్మా, నేను నర్సింగ్ చదువుతాను" అన్నాను. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. తర్వాత ఎక్కువ రోజులు లేదు. పండగలు అయిపోగానే క్లాసులు. సీటు వచ్చిందని చెబితే ఆషెర్ నవ్వాడు. "ఈ వయసులోనా? ఇంట్లో మేమింతమంది పేషెంట్లం చాలమా?" అత్తగారైతే, "మరి పండగ వంట ఎవరు చేస్తారే?" అంది. నేను వాదించలేదు. వాదించడానికీ ఓపిక కావాలి. అలిసిపోయిన మనిషికి సరేననడం ఎంత సుఖమో నాకు బాగా తెలుసు. ఇన్నేళ్ళూ ఆ సుఖమే పడ్డాను.

ఆషెర్ తెల్ల చొక్కా తొడుక్కుని వంటింట్లోకి తొంగిచూశాడు. "హనితా, వెళ్ళొస్తా. నీవి కూడా చెప్పేస్తాలే. ఆ నర్సింగ్ గొడవా వదిలిపోతుంది."

చేతులు కడుక్కున్నాను.

"నీవి చెప్పుకో ఆషెర్. నావి చెప్పకు."

"అదేంటే? మాట తప్పిన పాపం మెడకి చుట్టుకుని కొత్త ఏడాదిలో అడుగు పెడతావా?"

అత్తగారు చేతిలో పని ఆపి నా వైపే చూస్తోంది. గొంతు పెంచే శక్తి కూడా లేదు నాకు.

"తప్పితే కదా" అన్నాను.