ముందు వచ్చే చప్పుడు

పాత బనియను ముక్కను వేలికి చుట్టి, మోకాళ్ళ మీద వంగి, కారు వెనకరెక్క కింది సందుల్లో పేరుకున్న దుమ్మును తవ్వి తీస్తున్నాడు అతను. ఆఫీసుకు బయల్దేరే ముందు రోజూ జరిగే సేవే ఇది. తన చెవుల వెనక ఏనాడూ ఇంత శ్రద్ధగా తోముకున్న మనిషి కాడు.

వీధిలో అతన్ని రాకెట్ అంటారు. అతను దాన్ని బిరుదనుకుంటాడు. అన్నవాళ్ళ ఉద్దేశం అది కాదు. మందుల గోడౌనులో డబ్బాల మీద చీటీ తిన్నగా అతికిందా లేదా చూడటం అతని ఉద్యోగం. ఇద్దరి చేతులు మారి వచ్చిన ఈ రెండు తలుపుల స్పోర్ట్స్ కారు అతని బతుకు. దానికి రెక్క పెట్టించాడు; అది ఎగరలేదు. స్ప్రింగులు మార్పించి నేలకు దించాడు. అప్పటి నుంచి ప్రతి స్పీడ్ బ్రేకరునూ ఎండ్రకాయలా అడ్డంగా దాటుతున్నాడు. సైలెన్సరు ఊడదీయించి తొడంత లావు గొట్టం బిగించాడు. వీధి మొదట్లో అది ఉరిమితే చివరింట్లో పసిబిడ్డ ఉలిక్కిపడి లేస్తుంది. ఇంత హంగు చేసుకుని ఆ కారు వెళ్ళేది గోడౌనుకి, వచ్చేది ఇంటికి.

ఇప్పుడు అతని నడుం మొరాయించింది. కారు దిగాలంటే ముందు రెండు చేతులూ నేలకానించి, పాకే బిడ్డలా బయటికి రావాలి. వెన్నుపూసో కారో ఏదో ఒకటి వదులుకోమన్నాడు డాక్టరు. అమ్మకానికి పెడితే నిన్న కళ్ళజోళ్ళ షాపాయన ఒక్కడే వచ్చాడు. చుట్టూ తిరిగి చూసి, నవ్వు ఆపుకుంటూ, "కంపెనీ ఎలా ఇచ్చిందో అలా చేసివ్వండి, రేపు సాయంత్రం వచ్చి తీసుకెళ్తా. మీ సరదాలు మీరే ఉంచుకోండి" అన్నాడు.

పాత సామాను లేకపోతే గొడవే లేదు. ఉంది. సైలెన్సరు, స్ప్రింగులు, స్టీరింగు అన్నీ కాగితాల్లో చుట్టి, అట్టపెట్టెల్లో సర్ది, తల్లి పడుకునే మంచం కింద దాచాడు. తెగించినవాడు వెనక్కొచ్చే దారి దాచుకోడు. ఇతనిది అట్టపెట్టెలో పెట్టుకున్న తెగింపు.

"ఏం తేల్చారు?" గుమ్మంలోంచి అడిగింది భార్య.

"అన్నీ పీకేస్తే ఇంక అది నా కారెలా అవుతుంది?"

"అమ్మేశాక ఎలాగూ మీది కాదు కదండీ."

"నీకర్థం కాదులే. అదొస్తుంటేనే ఎవరొస్తున్నారో తెలుస్తుంది జనానికి."

"తెలుస్తుంది," అందామె. "బాగా తెలుస్తుంది." లోపలికి వెళ్ళిపోయింది.

గోడౌనులో అతను కుక్కిన పేను. మేనేజరు ఎదురైతే గోడకు అతుక్కుని దారిస్తాడు. ఆ లోటు భోజనాల దగ్గర, ప్యాకింగు ఆడవాళ్ళ ముందు తీర్చుకుంటాడు.

"నేను గుమ్మంలో అడుగుపెడితే మా ఇంట్లో సూది పడ్డా వినిపిస్తుంది. అదీ క్రమశిక్షణంటే."

"ఆ కారు చప్పుడుకి అందరి చెవులూ పోయుంటాయి సార్," అంది పెద్దావిడ. "ఇంక సూదేం వినిపిస్తుంది!"

అందరూ విరగబడి నవ్వారు. అతను లేచి వెళ్ళి, ఆవిడ అతికించిన చీటీల్లో వంకర వెతికి పట్టుకున్నాడు.

మధ్యాహ్నం సెలవు పెట్టి, అట్టపెట్టెలతో మెకానిక్ దగ్గరికి వెళ్ళాడు. ఎవరైనా వద్దంటే బాగుండునని ఉంది. ఎవరూ అనలేదు.

"తీసేద్దామా సార్?"

"నువ్వేమంటావు?"

"నేననేదేముంది? పెట్టమన్నారు, పెట్టా. తీయమంటే తీస్తా."

"అంతా తీసేస్తే నాదని చెప్పుకోవడానికి ఏం మిగుల్తుందయ్యా?"

"ఆర్సీ ఉంటుంది కదా సార్."

ఇంతలో ఫోను మోగింది. కళ్ళజోళ్ళ షాపాయన. "అవుతుందా, వేరేది చూసుకోమంటారా?"

"అయిపోతుందండీ," అన్నాడు అతను, మేనేజరు ముందు పలికే గొంతుతో. అతను తేల్చుకోవడం అలా అయిపోయింది.

గొట్టం ఊడింది. కారు పైకి లేచింది. రెక్క ఉన్నచోట మిగిలిన రంధ్రాల్లో మెకానిక్ రబ్బరు బిళ్ళలు నొక్కాడు. ఊడిన బోల్టులు కవర్లో వేసి, "ఇవి మాత్రం మీ సొంతమే సార్," అని చేతికిచ్చాడు.

దారిలో ఒక్కరూ తల తిప్పలేదు. రోడ్డు మధ్య పడుకున్న కుక్క కూడా లేవలేదు. చుట్టూ తిప్పుకుని రావలసి వచ్చింది.

ఇంటి ముందు దిగుతుంటే లోపల్నుంచి నవ్వులు వినిపించాయి. టీవీలో ఎవడో పాడలేక పాడుతున్నాడు. కూతురు వాడితో పోటీగా అరుస్తోంది.

"ఒసేయ్, వాడి కంటే మన మిక్సీ నయమే!" అంది అతని తల్లి. భార్య నవ్వలేక దగ్గుతోంది.

తల్లి మాట్లాడటం మానేసి ఏళ్ళయిందని అతని లెక్క. వయసు మీద పడిందనుకున్నాడు. కిటికీ పక్కన నిలబడి విన్నాడు. తన గురించి నవ్వుతుంటే వెళ్ళి కోప్పడి ఉండేవాడు. ఆ నవ్వులో తను ఎక్కడా లేడు.

తలుపు తోశాడు. టీవీ టక్కున ఆగింది. కూతురు పుస్తకం అందుకుంది. తల్లి గోడవైపు తిరిగి పడుకుంది. ముగ్గురూ ఎవరి పని వాళ్ళు తడుముకోకుండా చేశారు. ఈ రోజు కాస్త ఆలస్యమైందంతే. వీధి మొదట్లో ఉరుముకీ గుమ్మంలో చెప్పుల చప్పుడుకీ మధ్య ఇన్నేళ్ళుగా ఈ ఇల్లు ఏం చేస్తోందో అతనికప్పుడు తెలిసింది.

"అదేంటి, చప్పుడే కాలేదు?" అంది భార్య.

"సైలెన్సరు పెట్టించేశా."

"అయ్యో!" అంది. ఆ కారు విషయంలో ఆమె బాధపడటం అదే మొదలు.

"ఎందుకు నవ్వుతున్నారు ఇందాక?"

"ఊరికే నాన్నా," అంది కూతురు, పుస్తకంలోంచి తల ఎత్తకుండా.

అతను బోల్టుల కవరు బల్ల మీద పెట్టాడు. కళ్ళజోళ్ళ షాపాయన వచ్చి, ఓ చుట్టు నడిపి చూసి, "ఇప్పుడు కారులా ఉందండీ," అన్నాడు. కాగితాల మీద సంతకాలయ్యాయి. దారి చూపించే వంకతో అతను మలుపు దాకా వెనకే నడిచాడు. కారు తిరిగిపోయింది. ఏ ఇంట్లోనూ ఏ పసిబిడ్డా లేవలేదు. ఖాళీ రోడ్డు కేసి చూస్తూ కాసేపు నిలబడి, నడుం పట్టుకుని వెనక్కొచ్చాడు.

గేటు తోస్తే గలగలమంది. పై ఊచకు పురికొస కట్టి ఉంది. దానికి ఆ బోల్టులన్నీ గుత్తిగా వేలాడుతున్నాయి. ముడి భార్యది. ఆమె వేసే ముడులన్నీ అంతే పొందికగా ఉంటాయి. లోపల టీవీ ఆగిపోయింది.

విప్పేయవచ్చు. ఒక్క సాయంత్రం చప్పుడు లేకుండా వెళ్ళి, ఆ నవ్వుల మధ్య ఓ మూల కూర్చోవచ్చు. అంత ధైర్యాన్ని ఏ మెకానిక్కూ బిగించలేడు. వినపడిందో లేదోనని గేటును ఇంకోసారి కదిపి, లోపలికి వెళ్ళాడు.

పురికొసకు వేలాడుతున్న ఆ బోల్టులు చీకట్లో ఒకదాన్నొకటి తాకుతూ, చాలాసేపటికి గాని ఆగలేదు.