పలక మూత

మా కిరందుల్ రైల్వే క్వార్టర్లో పొద్దున్నే నా మొదటి పని ఎర్రదుమ్ము తుడవడం. ఇనుపరాయి బండ్లు కదిలినంతకాలం అది రాలుతూనే ఉంటుంది. కిటికీ మీద, పప్పు డబ్బా మీద, దేవుడి పటం మీద. ఆ రోజు నేను కోడలు నూకరత్నం కంప్యూటర్ దగ్గరికి గుడ్డ తీసుకెళ్తే, "తడిగుడ్డ వద్దత్తా, పదింటికి దాంతోనే నా పని" అని నవ్వింది. నవ్వుతూనే గడియారం చూసుకుంది.

ఆ పిల్ల మూడేళ్లుగా ఒక పనిముట్టు తయారుచేస్తోంది. బొమ్మలుండవు, గుర్తులుండవు, ఉత్త నల్ల తెర. ఇంగ్లీషు అక్షరాల్లో ఆజ్ఞ కొడితే బ్రాహ్మీ, ఖరోష్ఠీ, పాత పారశీకుల మేకుల రాత, ఇలా పాతకాలం లిపులన్నీ వరసగా దిగుతాయి. శాసనాలు చదివేవాళ్లకి కావాలట. ఏదో విశ్వవిద్యాలయం వాళ్లు పదింటికి తెరలోంచి చూస్తారు, నచ్చితే ఇంట్లోంచే ఉద్యోగం. ఇప్పటికే రెండుసార్లు వాయిదా అడిగింది. ఇక కుదరదన్నారు.

ఆ రెండుసార్లూ మా అబ్బాయి తాతబాబుకి డ్యూటీ పిలుపు వచ్చింది. ఇంజను నడిపేవాడికి పిలుపొచ్చిన రెండు గంటల్లో కేరియర్ కట్టాలి, రెండు రోజుల తిండి. నాకు తెలియనిదా? నా మొగుడు పైడయ్యదీ ఇదే ఉద్యోగం, ఆయన కాలంలో పిలుపు పుస్తకం పట్టుకుని ఇంటికి మనిషే వచ్చేవాడు. నాది మూడో తరగతిలో ఆగిన చదువు. కాలనీలో ఒక టీచరమ్మ మధ్యాహ్నాలు ఆడవాళ్లకి చెబుతానంటే, తాతబాబుని చంకనేసుకుని తొమ్మిది రోజులు వెళ్లాను. పదో రోజు పలక చేతిలో ఉండగానే పిలుపు. "నీ అచ్చరాల కోసం ఇంజను ఆగుతాదేటే?" అన్నాడాయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ పలక పిండి డబ్బాకి మూతయింది.

దానికి రెండు రోజుల ముందు రత్నం నా వేలు పట్టుకుని నా పేరు కొట్టించింది. ఒక గూటి కప్పు, ఒక నిలువు గీత, కొమ్ములున్న గుండ్రాలు.

"ఇది నువ్వే అత్తా, బ్రాహ్మీలో."

"మీ ఆయన చదవగలడా?"

"ఆయనకేం తెలుసు!"

ఎంత హాయిగా అనిపించిందో. నేనూ నా కొడుకూ మొదటిసారి ఒకే తరగతిలో కూర్చున్నాం.

ఇక విశ్వవిద్యాలయం వాళ్లు చూస్తామన్న రోజు తొమ్మిదిన్నరకి ఫోను మోగింది. తాతబాబు తువ్వాలు భుజానేసుకుని, "పదకొండున్నరకి ఇంజను ఎక్కాలి. రత్నం, చేపల పులుసు, చపాతీలు. నీ అచ్చరాలు రెండు వేల ఏళ్లు ఆగాయి కదా, ఇంకో రోజు ఆగలేవేటి?" అని నవ్వుతూ స్నానానికి వెళ్లాడు. అచ్చం తండ్రి నవ్వే.

రత్నం కంప్యూటర్ మూత దించి, చున్నీ నడుముకి బిగించి లేచింది. నాకు ఆమె మీదే ఒళ్లు మండింది, అంత తేలిగ్గా లేచినందుకు. నాలాగే.

"కూకో."

"ఆయన స్నానం చేసి వచ్చేస్తారత్తా..."

"కూకోమన్నానా!"

మూత నేనే ఎత్తి, గదిలోంచి బయటికొచ్చి, తలుపు గడియ పెట్టి, వీపు ఆనించి కూర్చున్నాను. తాతబాబు తల తుడుచుకుంటూ వచ్చాడు. పక్కనే పెట్టుకున్న ఖాళీ కేరియర్ వాడి చేతిలో పెట్టాను.

"ఇదేటమ్మా, నువ్వొండుతావా?"

"నేనూ వండను."

నన్ను చూశాడు, తలుపుని చూశాడు, గడియారం చూశాడు. వంటింట్లోకెళ్లి డబ్బాలన్నీ కదిపాడు. నలభై రెండేళ్లవాడు, పుట్టి పెరిగిన ఇల్లు.

"అమ్మా, పిండి డబ్బా ఏది?"

"పలక మూతున్నది" అన్నాను.

నా వీపు వెనక, తలుపు అవతల, మీటల చప్పుడు మొదలైంది.