బీరువాలో పోటు

ఆ బీరువాకి రోజుకి రెండుసార్లు పోటు వచ్చేది, సముద్రానికి వచ్చినప్పుడే. రోజురోజుకీ ముప్పావు గంట చొప్పున ఆలస్యమయ్యేది కాబట్టి, ఆ సముద్ర పరిశోధన కేంద్రంలో నేల తుడిచే ఆయమ్మకి తిండికీ నిద్రకీ ఒక వేళంటూ లేకుండా పోయి ఇరవై రెండేళ్లయింది.

బీరువాలో ఉన్నవి అట్టల మీద అతికించి ఎండబెట్టిన సముద్రపు నాచులు. పేర్లు అడక్కండి. నాచంటే నీళ్లతొట్టి గోడకి పట్టేదే అనుకున్నవాణ్ణి నేను, పైగా నోరు తిరగదు. పోటు వేళకి అవి అట్టల మీదే ఉబ్బి, కుచ్చులు విప్పుకుని ఊగేవి. తలుపు కిందనుంచి ఉప్పునీళ్లు కారేవి. గుమాస్తా రిజిస్టరులోంచి తలెత్తకుండానే కాళ్లు కుర్చీ మీదికి తీసుకునేవాడు. ఆయమ్మ తుడిచి, బకెట్టు మోసుకెళ్లి, వెనక మెట్ల పక్కన ఉప్పునీళ్లు పారే కాలవలో పోసేది.

మూడో అరలో ఒక ఎర్రకుచ్చు ఉండేది. అది సముద్రంలో ఇక లేదు. పన్నెండేళ్ల కిందట వచ్చిన పెద్ద మేడమ్ ప్రతి గురువారం పడవేసుకుని వెళ్లి, మునిగి, రాళ్ల మీద ఇనుప చట్రం పెట్టి, అందులో ఏమేం మొలిచాయో లెక్కపెట్టి, తిరిగొచ్చి "ఎర్రకుచ్చు కనిపించలేదు" అని రాసి సంతకం పెట్టేది.

"ఆయమ్మా, కూర్చో," అంది ఒకరోజు.

కూర్చోమందంటేనే ఆయమ్మకి సంగతి అర్థమైంది.

"అట్టలన్నీ ఫొటోలు తీసేశాం. నెలాఖరుకి బీరువా తీసేస్తారట."

"పీడా పోయింది. మోకాళ్లు బాగుపడతాయి."

"తుడిచే పనే లేనప్పుడు..." మేడమ్ కాగితం మడిచింది. "వద్దని రాశాను. వినలేదు."

"గది?"

"గదీ ఇచ్చెయ్యాలట."

గది ఆ వెనక మెట్ల పక్కనే. అందులో ఆయమ్మ, మంచం దిగలేని ఆమె అత్త.

"ఇన్నేళ్లూ వంగి తుడిపించి, ఇప్పుడు లేచి పొమ్మంటున్నారా?" అంది అత్త. "నీకు నడుము లేస్తుందటే?"

"ఎందుకు లేవడం? నిన్ను వీపున వేసుకుని పోవాలిగా."

శనివారం శనివారం ఆయమ్మ ఇనుప బ్రష్షుతో కాలవ గట్టుకి పట్టిన పాచి గీకేది. ఆ శనివారం గీకలేదు. పోయేదాన్ని, ఎవరి కాలు జారితే నాకేం అనుకుంది. తర్వాతి రెండు శనివారాలూ అంతే.

నెలాఖరున గది తాళంచెవి అడగడానికి మేడమ్ వచ్చింది. మొహం చెల్లక వెనకదారిన వచ్చింది. రెండో మెట్టు మీద కాలు జారి, కాలవ పక్కన బోర్లా పడింది. లేవలేదు.

"విరిగిందా అమ్మా?" అంటూ ఆయమ్మ గదిలోంచి వచ్చింది.

"కదలకు. అక్కడే ఉండు." చెంప నేలకి ఆనించే మేడమ్ వేలితో ఏవో లెక్కపెడుతోంది. గట్టంతా ఎర్రగా, వేలెడు పొడవున కుచ్చులు. "ఇదెప్పట్నుంచి ఉంది?"

"మీరు గీకమన్నప్పట్నుంచి."

"నేనెప్పుడు గీకమన్నాను?"

"వచ్చిన వారమే. ఎవరైనా జారిపడతారన్నారు."

మేడమ్ భుజాలు కదిలాయి. నవ్విందో ఏడ్చిందో, బోర్లా పడున్న మనిషిని చూసి చెప్పడం కష్టం.

ఇన్నేళ్లూ మూడో అర ఎర్రకుచ్చు బకెట్టు నీళ్లలో విత్తులు వదులుతూనే ఉందని, ఆయమ్మ పోస్తూనే ఉందని సాయంత్రానికి హెడ్డాఫీసుకి ఉత్తరం వెళ్లింది. బీరువా కదలకూడదు, బకెట్టు కదలకూడదు, ఆయమ్మ కదలకూడదు. వారంలో సరేనని జవాబొచ్చింది. ఆయమ్మకి కొత్త ఉత్తర్వు ఒక్కటే: బ్రష్షు ముట్టుకోవద్దు.

"గీకనందుకు ఉద్యోగం నిలబడ్డదా?" అంది అత్త. "ముందే తెలిస్తే బద్ధకస్తురాలివని నిన్నన్ని మాటలు అనకపోదును."

శనివారం అలవాటుగా చెయ్యి బ్రష్షు వైపు వెళ్లింది. ఆయమ్మ చెయ్యి వెనక్కి తీసుకుని, ఎర్రకుచ్చుకి తగలకుండా కాళ్లు ముడుచుకుని పైమెట్టు మీద కూర్చుంది. ఇరవై రెండేళ్లలో ఆ మెట్టు మీద కూర్చోవడం అదే మొదలు. లోపల గుమాస్తా కుర్చీ కిర్రుమంది.

"ఆయమ్మా, పోటు."

"తెలుసు బాబూ," అంది, కదలకుండా. "కాస్త రానివ్వండి."