కుడిపాయలో పొగ

రౌజా మా ఇంటికి రావడం అది పదకొండో ఏడు. వసంతంలో వచ్చే నౌరిజ్ పండుగ వెళ్ళి రెండు వారాలైంది. మా నదిపాయలో మంచు కరిగి పది రోజులు. ఇలి నది బల్ఖాష్ సరస్సులో కలిసే ముందు ఎన్నో పాయలుగా చీలిపోతుంది. ఆ పాయల మొదట్లో ఆఖరి ఇల్లు మాది. మా దొడ్డి దాటితే కనుచూపు మేరా కిక్కిస గడ్డే, మనిషికి రెండింతల ఎత్తున.

ఆమెకు యాభై రెండేళ్ళు. అల్మాటీలో ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. ఏడాదికోసారి సెలవు పెట్టి, గుడ్డతో కుట్టిన చిన్న మడత పడవ, కయాక్ ఒకటి కారులో వేసుకుని వస్తుంది. నాలుగైదు రోజులు ఒంటరిగా పాయల్లో తిరిగి పక్షుల్ని, జంతువుల్ని ఫొటోలు తీసుకుంటుంది. కారు మా దొడ్లో ఉంటుంది.

ఆ ఉదయం టీ పోస్తుంటే నా భర్త ఎసిమ్‌ఖాన్ ఎప్పటిలాగే మొదలుపెట్టాడు.

"వచ్చావా నీ పుచ్చకాయ తొక్క పడవేసుకుని! కిందటేడు నిన్ను చూసి అడవిపందులు నవ్వుకున్నాయట."

"నవ్వనీ అన్నా. పళ్ళు కనిపిస్తే ఫొటో బాగొస్తుంది" అంది రౌజా.

"సరేగానీ, ఎటు పోతున్నావు?"

"ఎడమపాయకి."

"కుడివైపు పోవుగా?"

"కుడివైపు ఏముంది అన్నా, ఎండు కిక్కిస తప్ప?"

ఆయన ఇంకో కప్పు తాగాడు. వేయించిన పిండిముద్ద ఒకటి తేనెలో ముంచి నోట్లో వేసుకున్నాడు. "ఖాయంగా ఎడమపాయేనా?" అన్నాడు మళ్ళీ.

"ఏంటన్నా, పోలీసుల్లో చేరావా?" అని నవ్వింది. కానీ ఆ నవ్వు కళ్ళదాకా పోలేదు. నేను చూశాను.

ఆయన ఎందుకు అడుగుతున్నాడో నాకు తెలుసు. పాత కిక్కిసను వసంతంలో కాల్చేస్తే నెల తిరక్కుండా లేత మొలకలొస్తాయి, పశువులకు మేత. మా మామగారూ కాల్చాడు, ఆయన తండ్రీ కాల్చాడు. ఇప్పుడది నేరం. అందుకని చుట్టుపక్కల అందరూ చెప్పకుండా కాలుస్తారు. ఎసిమ్‌ఖాన్ ఆ వారం కుడిపాయ వైపు కాల్చాలనుకున్నాడు. ఆమె ఎటుందో తెలిస్తే చాలు, గాలి చూసుకుని రెండోవైపు నిప్పు పెట్టుకుంటాడు. "కాల్చబోతున్నాను, అటు పోకు" అని ఒక్క మాట అంటే సరిపోయేది. అల్మాటీ మనిషి, ఫొటోలు తీసే మనిషి, ఎవరికి చెబుతుందోనని అనలేదు.

ఆమె దాచినదీ ఒకటుంది. కుడిపాయ లోపల ఒక మడుగు ఉంది. దాని నడుమ తేలే కిక్కిస తెప్పల మీద, నెత్తిన వంకీలు తిరిగిన ఈకలతో, ముక్కు కింద సంచీ వేలాడే గూడబాతులు గుడ్లు పెడతాయి. అంతకు ముందు ఇంకో చోట ఇలాంటిదే కనిపెట్టి, ఎవరో స్నేహితురాలికి చెప్పిందట. మరుసటి వారం ఎనిమిది మోటారు పడవలు వెళ్ళాయి. పక్షులు లేచిపోతే గుడ్లన్నీ కాకుల పాలయ్యాయి. అప్పటి నుంచీ ఎవరడిగినా ఎడమపాయ అనే చెబుతుంది.

నేను దొడ్లో డబ్బాకు మంచినీళ్ళు పడుతుంటే పక్కకొచ్చి నిలబడింది.

"వదినా, అడ్డకాలవలో నీళ్ళున్నాయా ఈ ఏడు? పడవ తేలుతుందా?"

అడ్డకాలవ రెండు పాయల్నీ కలుపుతుంది. దాంతో ఎడమపాయలో పోయేవాళ్ళకు పని లేదు.

"మోకాల్లోతు ఉంటాయి. నీ తొక్క తేలుతుందిలే" అన్నాను.

ఆ మాట నా భర్తకు చెప్పలేదు, ఒకరి గుట్టు ఇంకొకరికి మోయడం నా పని కాదనుకున్నాను. డబ్బా మూత బిగించి, ఆవును విప్పడానికి వెళ్ళాను. అంతే.

*

తర్వాతి సంగతులు రౌజా నాకు చెప్పినవి.

ఎడమపాయలో మలుపు తిరిగాక అడ్డకాలవ పట్టుకుని కుడివైపు దాటింది. సాయంత్రానికి మడుగు చేరింది. నూటికి పైగా పక్షులు గుడ్ల మీద కూర్చుని ఉన్నాయి. ఆమె దూరంగా కిక్కిస అంచున కయాక్‌ను కట్టేసుకుని, పైన గడ్డి రంగు వల కప్పుకుని, అందులోనే పడుకుంది. రెండు రోజులు గాలి లేదు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. ఆ రెండు రోజుల్లో తనకు నచ్చిన ఫొటో ఒక్కటీ రాలేదంది.

మూడో రోజు పొద్దున్నే ఉత్తరం నుంచి సన్నగా గాలి మొదలైంది. కాసేపటికి కప్పలు అరవడం ఆపేశాయి. ఒక్కొక్కటిగా కాదు, అన్నీ ఒకేసారి. "చెవులు మూసుకుపోయాయేమో అనుకున్నా వదినా. తెడ్డుతో నీళ్ళ మీద కొట్టి చూసుకున్నా" అంది.

అప్పుడొచ్చింది ఆడపంది. ఆరు పిల్లలు వెనక ఈదుతున్నాయి. కయాక్‌కు చెయ్యి చాపితే అందేంత దగ్గర నుంచి వెళ్ళింది, తలతిప్పి చూడలేదు. దాని వెనక ఇంకో రెండు పందులు. తర్వాత కొట్టుకొచ్చిన చిన్న తెప్ప ఒకటి. దాని మీద ఈ చివర ఒక కుందేలు, ఆ చివర ఒక నక్క. నక్క కుందేలును చూడటం లేదు. కుందేలు నక్కను చూడటం లేదు. రెండూ దక్షిణానికే చూస్తున్నాయి.

రౌజా ఫొటోలు తీస్తూనే ఉంది. పదకొండేళ్ళలో అలాంటిది చూడలేదు. నీటి ఎలుకలు, అడవికోళ్ళు, తడిసి ముద్దైన తోడేలు ఒకటి, అన్నీ ఒకే దారిన పోతున్నాయి. మోచేతులు కయాక్ అంచుకు ఆనించి తీసింది. నాలుగు వందల ఫొటోలు. ఎందుకు పోతున్నాయని తనకు ఒక్కసారీ తోచలేదంది. ఈ మాట చెప్పేటప్పుడు నా మొహం చూడలేకపోయింది.

లెన్సు మీద నల్లటి పోచ ఒకటి రాలింది. తుడిచింది. ఇంకోటి రాలింది. తుడిస్తే వేలికి మసి అంటింది.

తల తిప్పి చూస్తే ఉత్తరాన ఆకాశం లేదు.

అప్పుడు వల తీసిపారేసి, జంతువులు పోయిన దారినే, మడుగు నుంచి బయటికి పోయే దక్షిణపు సందు వైపు తెడ్డు వేసింది. చేరేసరికి సందు లేదు. గాలికి పెద్ద తెప్ప ఒకటి కొట్టుకొచ్చి దాన్ని మూసేసింది. పందులైతే దాని మీదకెక్కి తొక్కుకుంటూ పోయాయి. మనిషి కాలు పెడితే నడుం దాకా దిగిపోతుంది. రెండుసార్లు పెట్టి చూసింది. రెండోసారి బయటికి లాక్కోవడానికే ఊపిరి పోయినంత పనైంది.

ఇక మడుగే మిగిలింది. నడుమకు వచ్చి, కోటు నీళ్ళలో ముంచి తల మీద కప్పుకుని, కయాక్‌లో బోర్లా పడుకుంది. ఎండు కిక్కిస కాలితే కణుపులు పేలతాయి. వెయ్యిమంది తుపాకులు కాల్చినట్టుంటుంది. ఆ చప్పుడు మూడు వైపుల నుంచి దగ్గరకొచ్చింది. గూడబాతులు మాత్రం లేవలేదు. నిప్పురవ్వలు గూళ్ళ మీద పడుతుంటే ముక్కులతో పక్కకు నెడుతున్నాయట. మంట తెప్పల అంచుకు తాకాకే లేచాయి, అన్నీ ఒక్కసారిగా, ఆ పొగలోకే.

*

మా ఇంటి దగ్గర్నుంచి పొగ మధ్యాహ్నం కనిపించింది. ఎసిమ్‌ఖాన్ గుమ్మంలో కూర్చుని వల బాగుచేస్తున్నాడు, ఏమీ ఎరగనట్టు.

"గాలి జోరుగా ఉందే. ఎటు పెట్టావు?" అన్నాను.

"కుడివైపు. ఆ పిల్ల ఎడమన ఉందిగా."

నా చేతిలో పాలచెంబు ఉంది. అది కింద పెట్టాను. "అడ్డకాలవలో నీళ్ళున్నాయా అని అడిగింది" అన్నాను.

"ఎవరు?"

"రౌజా. వెళ్ళే రోజు."

ఆయన నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నా వైపు ఒక్కసారి చూసి, చెప్పుల్లేకుండా పడవ దగ్గరకు పరుగెత్తాడు. అరవై మూడేళ్ళ మనిషి. మోటారు మూడు లాగులకు అంటుకుంది. ఆ మూడు లాగుల మధ్య నేను అల్లాను ఎన్నిసార్లు తలుచుకున్నానో నాకే తెలియదు.

సాయంత్రం వాళ్ళు తిరిగొచ్చేదాకా నేను గట్టు మీదే నిలబడ్డాను. మసి మా దొడ్లో, రౌజా కారు మీద, నా తలగుడ్డ మీద రాలుతూనే ఉంది.

మంట దాటిపోయాక, నల్లబడిన మొదళ్ళ మధ్య నుంచి పడవను తోసుకుంటూ వెళ్ళాడట. కయాక్ గుడ్డకు చిల్లులు పడి సగం మునిగి ఉంది. ఆమె దాని ముక్కు పట్టుకుని మెడలోతు నీళ్ళలో ఉంది. పెదాలు నీలమైపోయాయి. కెమెరా సంచి తల మీద పెట్టుకుని ఉంది. పడవలోకి లాగి, తన కోటు కప్పి, పొద్దున పడవలో వదిలేసిన ఫ్లాస్కులోంచి టీ పట్టించాడు.

"ఇక్కడున్నానని నీకెలా తెలిసిందన్నా?" అని అడిగింది.

"మీ వదిన చెప్పింది." కాసేపాగి, "నిప్పు పెట్టింది నేనే, చెల్లీ" అన్నాడు.

ఆమె కప్పు కిందకి దించింది. "నేను ఎడమపాయ అన్నాను" అంది.

"అన్నావు."

పడవను మా ఇంటి వైపు తిప్పాడు.

ఆ సాయంత్రం పొయ్యి దగ్గర ఆమె కాళ్ళు రుద్దుతూ నేను ఏడ్చాను. "ఆ రోజే నేను ఆయనకు చెప్పి ఉంటే..." అన్నాను.

"ఎవరికో ఒకరికి తెలిసుండాలనే నిన్నడిగాను వదినా. నీకు అర్థమైంది, ఎవరికీ చెప్పవనుకున్నాను. చెప్పలేదు కూడా" అంది. ఓదార్పుగా అందో, నిష్ఠూరంగా అందో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

రెండు రోజులకు అటవీ అధికారి వచ్చాడు. ఎవరు పెట్టారని అతను అడగకముందే ఎసిమ్‌ఖాన్ చెప్పేశాడు. రెండేళ్ళపాటు చేపలు పట్టే అనుమతి తీసేశారు. ఊళ్ళో కొందరు ఆయనతో మాట్లాడటం మానేశారు, కాల్చినందుకు కాదు, ఒప్పుకున్నందుకు.

రౌజా సెలవు పొడిగించుకుంది. రోజూ ఎసిమ్‌ఖాన్ ఆమెను పడవలో మడుగుకు తీసుకెళ్ళేవాడు. ఒకరోజు నేనూ వెళ్ళాను. నీళ్ళ మీద మసి మీగడలా కట్టి ఉంది. తెప్పలు నల్లగా కాలిపోయి, సగం దాకా నీళ్ళలో కుంగాయి. వాటి మీద ముప్పై దాకా గూడబాతులు తిరిగొచ్చి కూర్చున్నాయి. ఛాతీలు నల్లబడ్డాయి. ఒకటి లేచి, కింది గుడ్డును ముక్కుతో మెల్లగా తిప్పి, మళ్ళీ కూర్చుంది. గుడ్డు పెంకు పగిలి ఉంది. లోపలిది ఉడికి గట్టిపడి ఉంది.

"వాటికి తెలియదా?" అన్నాను.

రౌజా కెమెరా పైకెత్తింది. ఫొటో తీసింది. నా భర్త తెడ్డు ఒళ్ళో పెట్టుకుని, అటు చూడకుండా కూర్చున్నాడు.

రోజుకు కొన్ని చొప్పున అవి ఎగిరిపోయాయి. తొమ్మిదో రోజుకు ఒక్కటే మిగిలింది. ఆ రోజు మధ్యాహ్నం అదీ రెక్కలు విప్పి, మడుగు చుట్టూ ఒకసారి తిరిగి, సరస్సు వైపు వెళ్ళిపోయింది. ఎసిమ్‌ఖాన్ మోటారు తాడు లాగాడు.